ఏమీ తోచని మధ్యాహ్నాలు: పిల్లల వేసవి సెలవులకు ఇంటి పథకం

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులకు సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలవుతాయి, జూన్ 12న మళ్ళీ గంట మోగుతుంది. మొత్తం ఏడు వారాలు. ఇందులో చాలా రోజులు పొద్దున పదకొండు దాటాక పిల్లలను గడప దాటనివ్వలేం. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది కాబట్టి, సెలవుల్లో కొత్తదనం తగ్గిపోయే చివరి రోజులే ఎండల పరంగానూ కష్టమైనవి. అంటే అసలు చిక్కంతా మధ్యాహ్నాలతోనే.

ఐదు నుంచి పదమూడేళ్ళ పిల్లలున్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ పథకం రాస్తున్నాను. దీనికి ఆధారం ఒకటే నమ్మకం. పిల్లలను గంటగంటకూ ఆడించే బాధ్యత పెద్దవాళ్ళది కాదు. వేళలు కుదర్చడం, సామాను చేతికందేలా ఉంచడం, కొత్త పనిలో మొదటి మెట్టు దగ్గర చేయి పట్టుకోవడం మన వంతు. ఆ తర్వాత పక్కకు తప్పుకోవాలి. ఈ తప్పుకోవడమే చాలామందికి చేతకాదు.

మొదటి అడుగు: క్యాలెండరును పిల్లల చేతికివ్వండి

సెలవులు మొదలైన మొదటి వారం ఏ పథకమూ వద్దు. పరీక్షలు రాసి అలసిన పిల్లలు ఆలస్యంగా లేవనీ, పొర్లనీ, అన్నం తిని మళ్ళీ పడుకోనీ. ఆ వారం చివర ఒక సాయంత్రం గోడ మీది తెలుగు క్యాలెండరును కిందికి దించి నేల మీద పరచండి. ఊరి ప్రయాణం, బంధువుల పెళ్ళి, ఆవకాయ పెట్టే రోజు, బడి తెరిచే రోజు, ఇలా కదలనివన్నీ పిల్లల చేతే రాయించండి. మిగిలిన ఖాళీ గళ్ళు ఎన్నో వాళ్ళే లెక్క పెడతారు. అన్ని ఖాళీ రోజులు తమవేనని కళ్ళారా చూడటంలో ఒక ఉత్సాహం ఉంది.

తర్వాత ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: బడి తెరిచేనాటికి నీకు కొత్తగా ఏం చేతనై ఉండాలి? ఈత, సైకిలుకు పంచరు వేయడం, దోసె తిరగేయడం, తబలా మీద ఒక తాళం, ఏదైనా సరే. పిల్లకు ఒక్కటి చాలు. నాలుగు రాసుకుంటే నాలుగూ సగంలో ఆగుతాయి. ‘ఇంగ్లీషు గ్రామరు’ అని మీరు పక్క నుంచి అందించకండి.

సెలవుల్లో చదువు మరిచిపోతారేమోనన్న బెంగ తల్లిదండ్రులకు సహజం. అది ఎంతవరకు నిజమన్న విషయంలో పరిశోధకుల్లోనే ఒక మాట లేదు. అమెరికాలో 1996లో వచ్చిన పేరున్న సమీక్ష ఒకటి నెల రోజుల చదువంత నష్టం జరుగుతుందని తేల్చింది. తర్వాతి కాలంలో వేరే పరీక్షలతో కొలిచి చూసినవారికి అంత నష్టం కనిపించలేదు. నా మటుకు నాకు, రోజూ కాస్త చదివి, ఆటల్లో వంటల్లో లెక్కలు వాడే పిల్లకు వచ్చే తరగతి పాఠాలు ముందే చెప్పించనవసరం లేదనిపిస్తుంది. వేసవి ట్యూషన్లు ఎక్కువగా పెద్దల బెంగకు మందు.

రెండో అడుగు: రోజును ఎండ చెప్పినట్టు కోయండి

గంటల పట్టిక గోడకు అంటిస్తే మూడో రోజుకు అది కేవలం అలంకారం. దానికి బదులు రోజును నాలుగు ముక్కలుగా అనుకోండి.

తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిది వరకు బయటి వేళ. పరుగులు, సైకిలు, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, మొక్కలకు నీళ్ళు, పిట్టలకు మట్టి మూకుడులో నీళ్ళు అన్నీ అప్పుడే. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేసవిలో ఆ గంట పొద్దున్నే దొరకాలి. తొమ్మిది నుంచి పదకొండు ఇంటిపని, చేతిపని. పదకొండు నుంచి నాలుగు వరకు లోపలి వేళ. సాయంత్రం ఐదు తర్వాత మళ్ళీ బయట, చీకటి పడ్డాక డాబా.

లోపలి వేళలో ఒక గంట ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలన్న నియమం పెట్టండి. నిద్రపోనక్కరలేదు. ఎవరి మూల వాళ్ళది, ఎవరి పని వాళ్ళది, మాటలు మాత్రం లేవు. మొదటి మూడు నాలుగు రోజులు గునుస్తారు. అలవాటయ్యాక పిల్లలు పుస్తకం పట్టుకునేది, బొమ్మ గీసేది ఈ గంటలోనే.

మూడో అడుగు: ‘తోచడం లేదు’ అన్నప్పుడు పరుగెత్తకండి

“అమ్మా, ఏమీ తోచడం లేదు.”
“సరే నాన్నా, కాసేపు అలాగే ఉండు.”

ఈ జవాబు చెప్పి ఊరుకోగలిగితే సగం పని అయినట్టే. తోచకపోవడం అనేది మనసు కొత్త పని వెతుక్కునే ముందు వచ్చే దశ. 2014లో బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక సరదా ప్రయోగం చేశారు. కొందరి చేత టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లను కాగితం మీదికి ఎక్కించే విసుగు పుట్టించే పని చేయించి, ఆ తర్వాత రెండు కప్పులు చూపించి వీటితో ఏమేం చేయవచ్చో చెప్పమన్నారు. ముందు విసుగెత్తినవారు, ఆ పని చేయనివారికంటే ఎక్కువ ఉపాయాలు చెప్పారు. అది పెద్దవాళ్ళ మీద చేసిన చిన్న ప్రయోగమే. అయినా ఏ ఇంట్లోనైనా పిల్లలను గమనిస్తే అలాంటిదే కనిపిస్తుంది: పది నిమిషాలు కాళ్ళీడ్చుకుంటూ తిరిగిన పిల్లవాడు పదకొండో నిమిషంలో మంచం కింద దుప్పటితో గుహ కడుతుంటాడు.

అయితే విసుగుకు ముడిసరుకు కావాలి. ఒక పెద్ద అట్టపెట్టె తీసుకుని వీటితో నింపి అందే ఎత్తులో పెట్టండి: పాత పేపర్లు, చిన్న అట్టపెట్టెలు, పురికొస, కొబ్బరి ఈనెలు, చింతగింజలు, గవ్వలు, సుద్దముక్కలు, బట్టల క్లిప్పులు, పాత చీర, భూతద్దం, దర్జీ టేపు, మొండి కత్తెర. జిగురు కొనక్కరలేదు, మైదాను నీళ్ళలో ఉడికిస్తే సరిపోతుంది. పెట్టెలోంచి ఏం తీసినా అడగనక్కరలేదు, సాయంత్రానికి ఊడ్చి పెట్టాలి అన్నదే షరతు. కొత్త బొమ్మలు కొని అందులో వేయకండి. కొన్న బొమ్మతో ఎలా ఆడాలో ముందే తేలిపోయి ఉంటుంది. అట్టపెట్టె ఈరోజు బస్సు, రేపు కోట. పల్లెలో ఉంటే ఈ పెట్టె కూడా అక్కరలేదు, కొబ్బరాకుతో బూర చేయడం తెలిసిన తాతయ్య ఒకరుంటే చాలు.

నాలుగో అడుగు: మధ్యాహ్నానికి బల్ల మీది ఆటలు

మన ఇళ్ళలో మండుటెండ వేళల కోసమే పుట్టాయనిపించే ఆటలు ఉన్నాయి. వీటికి సుద్దముక్క, గింజలు తప్ప ఏమీ అక్కరలేదు.

అష్టాచెమ్మాతో మొదలుపెట్టండి. నేల మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్ళు గీయండి. నాలుగు అంచుల్లో మధ్య గడికీ, నట్టనడుమ గడికీ అడ్డగీతలు కొట్టండి. అంచు గళ్ళు నలుగురు ఆటగాళ్ళ ఇళ్ళు, నడిమిది పండే చోటు. నాలుగు గవ్వలు వేయాలి. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మా గానీ అష్టా గానీ పడినవారు మళ్ళీ వేస్తారు. కాయలు బయటి వరుస చుట్టి, లోపలి వరుసలో ఎదురు దిశలో తిరిగి నడిమి గడికి చేరాలి. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో మన కాయ పడితే వాళ్ళది చచ్చి ఇంటికి పోతుంది, అడ్డగీతల గళ్ళలో ఉన్న కాయను మాత్రం చంపకూడదు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలికి పోరాదన్న నియమం కొన్ని ఇళ్ళలో ఉంది, కొన్నింట లేదు. ఆట మొదలవకముందే పిల్లలు ఆ తగాదా తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో మీరు కలగజేసుకోకండి.

తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకు ఇందులోనే ఒక లెక్క దాగి ఉంది. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. వాటిలో రెండు రావడానికి ఆరు దారులు, ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు, చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. ఆ పదహారూ కాగితం మీద రాయించండి. తర్వాత నిజమైన గవ్వలను వందసార్లు వేసి గీతలు కొట్టమనండి. లెక్కకూ గవ్వలకూ పొంతన కుదరదు, ఎందుకంటే గవ్వ నాణెం కాదు, దాని వీపు ఒకలా బొడ్డు ఒకలా ఉంటుంది. ఒకవైపు అరగదీసిన చింతపిక్కలతో వేస్తే మరో రకం ఫలితం వస్తుంది. ఎందుకని పిల్ల అడిగితే, పై తరగతుల్లో చెప్పే సంభావ్యత పాఠం మొదలైనట్టే.

పులిజూదం ఇద్దరి ఆట. త్రికోణం మీద గీతలు గీసిన పటంలో ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు ఉండటం ఎక్కువగా కనిపించే పద్ధతి. పులి మేక మీదుగా దూకి తింటుంది, మేకలు గుంపుగా కదిలి పులికి దారి లేకుండా కట్టేస్తాయి. రెండు వైపుల బలమూ ఒకటి కాదు, ఎత్తుగడలూ ఒకటి కావు. అందుకే ఒక ఆట పులిగా ఆడినవారు తర్వాతి ఆట తప్పక మేకగా ఆడాలన్న నియమం పెట్టండి. పులి పక్షమే కావాలని పేచీ పెట్టే పిల్లవాడు మేకల్లో ఒక్కటీ పోగొట్టుకోకుండా గెలిచిన రోజున వాడి ముఖం చూడాలి.

చిన్నపిల్లలకు వామనగుంటలు. ఏడేసి గుంటలు రెండు వరుసలు, చింతగింజలు. గుంటలోవి తీసి ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడంలో లెక్కింపు దానంతటదే వస్తుంది. గుంటల పీట లేకపోతే రెండు గుడ్ల ట్రేలు కత్తిరించుకోండి. దాడి ఆట, అచ్చెనగాయలు, పచ్చీసు గురించి విడిగా చెప్పనవసరం లేదు, ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆమెకు ఒక్క ఆటైనా చేతులకు గుర్తుంటుంది. వయసులో పెద్దవారైన ఆ ఆటగత్తెలను పిల్లలు ఓడించలేకపోవడం కూడా మంచిదే.

ఐదో అడుగు: వంటింటిని ప్రయోగశాల చేయండి

ఆవకాయ రోజున పిల్లలను ‘అడ్డం లేవండి’ అని తరిమేస్తాం. తరమకండి, కారం తగలని పనులు ఇవ్వండి. కాయలు తుడవడం, టెంకలోని జీడి, పొర తీయడం, ముక్కలు తూచడం, జాడీ మీద తేదీ రాసి అంటించడం వాళ్ళవి. కాయలు కొట్టడం, కారం ఆవపిండి కలపడం పెద్దలవి. నానమ్మ కొలత సోలల్లో చెబితే అది మరీ మంచిది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇంట్లో పాత సోల ఉంటే దాంట్లో నీళ్ళు పోసి, మిల్లీలీటర్ల గుర్తులున్న కప్పులోకి వంచి, నానమ్మ పాళ్ళను నేటి కొలతల్లోకి మార్చి రాయడం పదేళ్ళ పిల్లకు చక్కటి పని. ఆ కాగితం ఇంటికీ పనికొస్తుంది.

ఉప్పు ఏం చేస్తుందో చూడాలంటే రెండు గిన్నెలు చాలు. రెండింటిలో సమానంగా పచ్చి మామిడి ముక్కలు వేసి ఒకదానిలో మాత్రం ఉప్పు కలపండి. కొన్ని గంటలకు ఉప్పు గిన్నెలో ఊట కనిపిస్తుంది. నీళ్ళు ఎవరూ పోయలేదు కదా, ఎక్కడివి? ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. మాగాయ పెట్టే పద్ధతికి మూలం ఇదే: ఊరిన ముక్కలు తీసి ఎండబెట్టి, ఊటలో మళ్ళీ కలుపుతాం. సూక్ష్మజీవులకు నీళ్ళు దొరక్కుండా చేయడమే నిల్వ పచ్చడి రహస్యమని అప్పుడు చెబితే నాటుకుంటుంది.

వడియాలు పెట్టే రోజు తూకం తీసుకోండి. తడిగా ఉన్నప్పుడు పది వడియాల బరువు ఎంత, సాయంత్రానికి ఎంత, మర్నాటికి ఎంత? గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత మొదట్లో ఏటవాలుగా దిగి తర్వాత చదునవుతుంది. నీరు ఎప్పుడు త్వరగా పోయిందో పిల్లలే చెబుతారు.

కుండనీళ్ళ ప్రయోగం నాకు వీటన్నిటికంటే ఇష్టం. రెండు ఒకేలాంటి సీసాల్లో నీళ్ళు నింపి, ఒకదానికి తడిబట్ట చుట్టి, రెండింటినీ గాలి ఆడే నీడలో పెట్టండి. గంట తర్వాత థర్మామీటరుతో చూడండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, గది వేడి కొలిచేది కావాలి. తడిబట్టది చల్లబడుతుంది, బట్టలోని నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి. ఇప్పుడు కరీంనగర్‌లో ఉన్న అత్త కూతురు, మచిలీపట్నంలో ఉన్న మామయ్య కొడుకు అదే రోజున అదే ప్రయోగం చేసి ఫోనులో అంకెలు చెప్పుకోవాలి. కోస్తా ఉక్కపోతలో తేడా తక్కువగా, తెలంగాణ పొడిగాలిలో ఎక్కువగా రావాలి. తీరప్రాంతంలో ఎయిర్‌కూలరు ఎందుకు దండగ అన్న సంగతి బయటపడేదీ ఇక్కడే.

ఆరో అడుగు: నీడ మాయమయ్యే రోజును వదులుకోకండి

ఇది సెలవుల్లోనే దొరికే అరుదైన అవకాశం. మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళన్నిటిలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. తెలుగు నేలపై మొదటిసారి అది వేసవిలోనే వస్తుంది: తిరుపతిలో ఏప్రిల్ చివర్లో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల వేళకు, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో. మీ ఊరు ఎంత ఉత్తరాన ఉంటే అంత ఆలస్యం.

చేయవలసిందిది. చదునైన నేల చూసుకోండి. మీటరు పొడవున్న తిన్నని గొట్టాన్ని నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి అది నిటారుగా ఉందో లేదో సరిచూడండి. పదకొండు ముప్పావు నుంచి ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. మామూలు రోజుల్లోనైతే అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణాలను చూపుతుంది, దిక్సూచి అక్కరలేదు. ఆ ప్రత్యేకమైన రోజునైతే నీడే ఉండదు. నెత్తిన టోపీ, కాళ్ళకు చెప్పులు, చేతిలో నీళ్ళ సీసా తప్పనిసరి. సూర్యుడి వంక చూడకూడదని ముందే గట్టిగా చెప్పండి.

పదకొండేళ్ళు దాటిన పిల్లలుంటే ఇక్కడితో ఆగకండి. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో రెండు ఊళ్ళ నీడలను పోల్చి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అదే పని మీ పిల్లలు బంధువుల సాయంతో చేయగలరు. హైదరాబాద్‌లో నీడ లేని రోజున తిరుపతిలో ఉన్న పెదనాన్నగారి పిల్లలు మీటరు గొట్టం నీడను కొలవాలి. దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు వస్తుంది. తమాషా ఏమిటంటే ఆ నీడ దక్షిణం వైపు పడుతుంది, ఎందుకంటే అప్పటికి సూర్యుడు తిరుపతిని దాటి ఉత్తరానికి వచ్చేశాడు.

ఆ కొలతలతో కాగితం మీద లంబకోణ త్రిభుజం గీసి గొట్టం పై కొస దగ్గరి కోణం కొలిస్తే మూడు ముప్పావు డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. మ్యాపులో రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 417 కిలోమీటర్లు. మూడు ముప్పావు డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? 40 వేల కిలోమీటర్లు వస్తుంది, భూమి చుట్టుకొలత కూడా దాదాపు అంతే. కోణమానినిలో పావు డిగ్రీ అటూ ఇటూ చదివితే జవాబు 37 వేల నుంచి 43 వేల దాకా ఊగుతుంది. ఊగనివ్వండి. పొరపాటు ఎక్కడ దొర్లిందో ఇద్దరు పిల్లలు ఫోనులో అరగంట వాదించుకుంటే ఆ ఫోను బిల్లు సార్థకం.

అదే రాత్రి డాబా ఎక్కండి. మే నెలలో ఎనిమిది తొమ్మిది గంటల వేళ ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా కనిపిస్తుంది. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని అంటుకుని మిణుకుమనేది అరుంధతి. పెళ్ళిపందిట్లో చూపించే చుక్కను చాలామంది పెద్దలు కూడా నిజంగా చూసి ఉండరు. తోకకు అవతలి కొసన ఉన్న రెండు చుక్కలు పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు వైపు గీత గీసి, అంతే దూరాన్ని ఐదుసార్లు ముందుకు సాగిస్తే ధ్రువ నక్షత్రం. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో పది డిగ్రీలంత. హైదరాబాద్‌లో ధ్రువుడు దిగ్మండలానికి, అంటే నేలా నింగీ కలిసినట్టు కనిపించే గీతకు, రెండు పిడికిళ్ళకంటే కాస్త తక్కువ ఎత్తులో, పదిహేడు డిగ్రీల దగ్గర ఉంటాడు. తిరుపతిలో పద్నాలుగుకు దిగుతాడు. మధ్యాహ్నం నీడ చెప్పిన తేడానే రాత్రి చుక్క మళ్ళీ చెబుతుంది.

ఏడో అడుగు: చదవడం, రాయడం పనిలో పనిగా

పొద్దున ఎండ ముదరకముందే దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళి సభ్యత్వం కట్టించండి. కార్డు మీద తన పేరు చూసుకున్న పిల్ల పుస్తకాన్ని వేరుగా పట్టుకుంటుంది. ఏ పుస్తకం తెచ్చుకున్నా అభ్యంతరం చెప్పకండి, బొమ్మల కథలైనా, అదే పుస్తకం మూడోసారైనా. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదవడానికి తడబడుతుంటే ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్ళు చదవండి. కథ ఉత్కంఠలో ఉన్నచోట మీకు పని తగలాలి. మిగతాది వాళ్ళే కూడబలుక్కుని చదువుతారు.

రాతకు డైరీ కంటే ఇంటి గోడపత్రిక మేలు. డైరీ ఎవరూ చదవరు, పత్రికకు పాఠకులుంటారు. ఆదివారానికొక పెద్ద కాగితం: ఇంటి వార్తలు, వాతావరణం, రైతుబజారు ధరలు, ఒక పొడుపుకథ, ఒక కార్టూను. ధరల కోసం వారానికొకసారి పిల్లలను రైతుబజారుకు తీసుకెళ్ళండి. రెండు వందల రూపాయలు చేతికిచ్చి, ఇంటికి రెండు రోజుల కూరలు తెమ్మనండి. చిల్లర వాళ్ళదే అని చెబితే బేరం ఎంత శ్రద్ధగా చేస్తారో చూడండి. పొడుపుకథలకు ఇంటి పెద్దలే ఆధారం. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా వేసినా చప్పుడు కావు’ అన్నదానికి కనురెప్పలని జవాబు చెప్పలేని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు.

పత్రికలో ఒక మూల తాతయ్య, నానమ్మలతో ముఖాముఖికి కేటాయించండి. ‘మీ చిన్నప్పుడు ఎలా ఉండేది’ అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. ‘మీ బడికి గోడలుండేవా? మీరు తిన్న మొదటి ఐస్‌ఫ్రూట్ ఎంత? మిమ్మల్ని ఎవరు ఎందుకు కొట్టారు?’ అని అడిగితే కథలు వస్తాయి. ఫోనులో రికార్డు చేసి, విని, పిల్లలే రాయాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే పిల్లలకైతే వారానికొక వీడియో కాల్‌ను ఇలాంటి ప్రశ్నలకు వాడుకుంటే ‘తిన్నావా, బాగున్నావా’ల దగ్గర ఆగిపోదు.

ఎనిమిదో అడుగు: ఫోనుకు వేళ, చోటు

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటరాదనీ, తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెద్ద పిల్లలకు అలాంటి ఒక్క అంకె లేదు, ఇంటివారే తేల్చుకోవాలి. నిమిషాల లెక్కతో రోజంతా పోట్లాడటం కంటే వేళా చోటూ ఖాయం చేయడం తేలిక. ఉదాహరణకు, మూడున్నర నుంచి నాలుగున్నర వరకు, హాల్లో అందరి మధ్య. అన్నం దగ్గర, పడక దగ్గర ఎవరికీ ఫోను లేదు. ఎవరికీ అంటే మీకు కూడా.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో ఈ మాటలన్నీ విని నిట్టూరుస్తారని తెలుసు. అపార్టుమెంటులో నాలుగైదు కుటుంబాలు కలిసి వంతులు వేసుకోండి. ఎవరికి సెలవు దొరికిన రోజున వారింట్లో పిల్లలందరూ. ఒకరు పాట చెబుతారు, ఒకరు చదరంగం, ఒకరు పూరీలు ఒత్తడం. వేసవి శిబిరానికి పంపాలంటే బోర్డు మీద ఎన్ని విద్యల పేర్లు రాశారో చూడకండి. ఒక్క గదిలో ఎంతమంది పిల్లలు, నేర్పేవారు ఎవరు, మధ్యాహ్నం ఏ వేళకు ఇంటికి పంపుతారు, ఈ మూడు అడగండి. పన్నెండింటికి రోడ్డు మీద వదిలే శిబిరం ఉచితమైనా వద్దు.

రాజీ పడకూడనివి

ఏటా వేసవిలో చెరువుల్లో, కాలువల్లో, వ్యవసాయ బావుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. ఈత వచ్చిన పెద్దవారు గట్టు మీద కూర్చుని కళ్ళప్పగించి చూస్తేనే నీటిలోకి. పక్కింటి అన్నయ్యకు పదిహేనేళ్ళున్నా అతను పెద్దవాడు కాదు. ఊరికి వెళ్ళినప్పుడు ఈ నియమం ఇంకా గట్టిగా ఉండాలి, అక్కడి నీటి లోతు పట్నం పిల్లలకు తెలియదు. నిలిపి ఉంచిన కార్లకు ఎప్పుడూ తాళం వేయండి, దాగుడుమూతల్లో పిల్లలు అందులో దూరి ఇరుక్కుంటారు. దాహం వేయకముందే నీళ్ళు, మజ్జిగ తాగించండి. ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి మందకొడిగా మారినా, ఒళ్ళు కాలిపోతున్నా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బ అనుకుని వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చివరి పది రోజులు

జూన్ మొదటి వారం రాగానే నిద్రవేళను రోజుకు పావుగంట చొప్పున వెనక్కి జరపండి. ఒక్క రాత్రిలో పదకొండు నుంచి తొమ్మిదిన్నరకు మార్చాలంటే కుదరదు. సెలవుల్లో కొత్తగా నేర్చుకున్నదాన్ని ఇంట్లోవాళ్ళ ముందు చేసి చూపించే సాయంత్రం ఒకటి పెట్టుకోండి. దోసె సగంలో విరిగినా అందరూ తినాలి. గోడపత్రికలన్నీ వరుసగా పేర్చి పురికొసతో కుట్టండి. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం, పేర్ల చీటీలు అంటించడం పూర్తిగా పిల్లల పని, మిగిలిన మైదా జిగురు దానికి సరిపోతుంది. సామాన్ల పెట్టెను మాత్రం అటక మీదికి ఎక్కించకండి. జూన్‌లో వానలు మొదలయ్యాక ఆదివారం మధ్యాహ్నాలకు మళ్ళీ అదే కావాలి.